రిఫరీలు అమ్ముడుపోయారన్న మనిషి: ఒక కేస్ స్టడీ

పేరు, ఊరు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. రాసింది చదివి కొన్ని చోట్ల కొట్టేయమన్నారు, కొట్టేశాను. ఆయన్ని ఇక్కడ రవి అందాం.

అమెరికాలో జూద వ్యసనానికి కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. తెలుగువాళ్లు వచ్చేది ఎక్కువగా క్రికెట్ బెట్టింగ్‌తోనో, పేకాటతోనో, ఆప్షన్స్ ట్రేడింగ్‌తోనో. జూదం ఆడేవాళ్లలో తప్పుడు నమ్మకాలు ఉంటాయి: "ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఇక రావాల్సిందే", "నా సీట్లో కూర్చుంటే గెలుస్తాను" లాంటివి. అవి తప్పని ఆ మనిషే తేల్చుకునేలా చేయడం మా పనిలో పెద్ద భాగం. రవి నమ్మకం అలాంటిది కాదు. అందులో సగం నిజం ఉంది. సగం నిజమైన నమ్మకంతో వచ్చినవాళ్ల దగ్గర ఎలా పని చేయాలో మాకు ట్రైనింగ్‌లో పెద్దగా చెప్పరు. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

నేపథ్యం

రవికి ముప్పై అయిదు దాటాయి. కోస్తాలో ఇంజనీరింగ్, ఇక్కడ ఎమ్మెస్, ఆపైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్యకీ ఉద్యోగం ఉంది. ఒక పాప. ఎమ్మెస్ రోజుల్లో రూమ్మేట్స్‌తో కలిసి ఎన్‌బీఏ, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, చూడటం అలవాటైంది. అప్పట్లో పందెం అంటే ఓడినవాడు బిర్యానీ కొనిపెట్టడం.

స్పోర్ట్స్ బెట్టింగ్‌కి రాష్ట్రాలు అనుమతివ్వకుండా అడ్డుకున్న 1992 నాటి ఫెడరల్ చట్టాన్ని సుప్రీంకోర్టు 2018 మేలో కొట్టేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తలుపులు తీసింది. రవి ఉండే రాష్ట్రంలోనూ ఫోన్‌లోనే, చట్టబద్ధంగా పందెం కాసే వీలొచ్చింది. కోవిడ్ కాలంలో యాప్ వేసుకున్నాడు. మొదట్లో ఫ్రీ బెట్లు, తర్వాత చిన్న మొత్తాలు, ఆ తర్వాత పార్లేలు, అంటే కలిపి కాసిన పందేలన్నీ గెలిస్తేనే డబ్బొచ్చే బెట్లు. నా దగ్గరికి వచ్చేనాటికి ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బు అయిపోయింది. రిటైర్మెంట్ ఖాతా మీద లోన్ తీశాడు. నాన్నకి ఆపరేషన్ అని చెప్పి ఇద్దరు స్నేహితుల దగ్గర అప్పు చేశాడు. నాన్న ఊళ్లో నిక్షేపంగా ఉన్నారు. జీతంలో లోన్ కోత ఎందుకు పడుతోందని భార్య పే స్టబ్ (జీతం చీటీ) పట్టుకుని అడిగిన రోజున విషయం బయటపడింది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం తొమ్మిది లక్షణాల్లో నాలుగు ఉంటే జూద రుగ్మత అంటారు. రవికి నాలుగు కాదు, చాలానే ఉన్నాయి. నిర్ధారణలో అనుమానం ఏమీ లేదు.

ఇంకో మాట. మొదటి సెషన్‌లో సగం సేపు ఆయన అడిగింది వీసా గురించే. ఇక్కడికి వచ్చినట్టు ఎవరికైనా తెలుస్తుందా, కంపెనీకి వెళ్తుందా, గ్రీన్ కార్డ్‌కి అడ్డమా అని. మనవాళ్లు చాలామంది ఈ టెన్షన్‌తోనే ఏళ్లు వాయిదా వేస్తారు. ఇక్కడ మాట్లాడేది గోప్యంగా ఉంటుందని, దానికి చట్టం పెట్టిన మినహాయింపులేమిటో కాగితం మీద చూపించాకే మిగతా మాటలు మొదలయ్యాయి.

వచ్చిన సమస్య

"నాది బెట్టింగ్ ప్రాబ్లం కాదండీ, రిఫరీల ప్రాబ్లం" అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ చూపించాడు. తేదీ, జట్లు, స్ప్రెడ్, ఆ రాత్రి విజిల్ పట్టిన ముగ్గురు రిఫరీల పేర్లు, రెండు జట్ల ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే అవతలి జట్టుకి ఇచ్చే అడ్డులేని షాట్లు), చివర "దొంగ విజిల్" అని ఒక కాలమ్. స్ప్రెడ్ అంటే తెలియనివాళ్ల కోసం: ఎవరు గెలుస్తారన్నది కాదు, ఎన్ని పాయింట్ల తేడాతో అన్నదాని మీద కాసే పందెం. ఆట ఎప్పుడో తేలిపోయినా ఆఖరి నిమిషంలో ఒక ఫౌల్, రెండు ఫ్రీ త్రోలు డబ్బుని అటుదిటు చేసేస్తాయి. రిఫరీ మీద అనుమానం పుట్టడానికి ఇంతకంటే అనువైన పందెం ఉండదు.

షీట్ పద్ధతిగా ఉంది. పనిలో కూడా ఈ మనిషి ఇంత శ్రద్ధగానే ఉంటాడు కాబోలు అనిపించింది. కాస్త కిందికి జరుపుతూ పోతే ఒకటి కనపడింది. "దొంగ విజిల్" కాలమ్ పోయిన పందేల ఎదురుగానే నిండి ఉంది. గెలిచిన పందేల దగ్గర ఖాళీ. ఆ రోజు ఆ సంగతి ఎత్తలేదు. మొదటి రోజే తప్పు పట్టుకుంటే ఈయన రెండోసారి రాడు.

ఈ అనుమానం ఎప్పుడు మొదలైందని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. 2023 జనవరి 28, బోస్టన్‌లో లేకర్స్, సెల్టిక్స్ మ్యాచ్. స్కోరు సమంగా ఉండగా ఆఖరి క్షణాల్లో లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ బాస్కెట్ దగ్గర బంతి వేయడానికి ఎగిరాడు, సెల్టిక్స్ ఆటగాడు జేసన్ టేటమ్ అతని చేతి మీద కొట్టాడు, విజిల్ రాలేదు. లెబ్రాన్ నేల మీద కూలబడ్డాడు. అదే జట్టు ఆటగాడు పాట్రిక్ బెవర్లీ ఒక కెమెరా పట్టుకొచ్చి రిఫరీకి ఫొటో చూపించబోతే ప్రవర్తన బాగాలేదని టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. ఓవర్‌టైమ్‌లో సెల్టిక్స్ 125-121తో గెలిచింది. ఫౌల్ చూడలేకపోయామని ఆ మ్యాచ్ ముగ్గురు రిఫరీల్లో చీఫ్ ఆ రాత్రే ఒప్పుకున్నాడు. ఆ మ్యాచ్ మీద రవి లేకర్స్ వైపు పెద్ద మొత్తం పెట్టి ఉన్నాడు. "ఒప్పుకున్నారు కదండీ. మరి నా డబ్బులో?" అన్నాడు.

మొదట చేసింది

నమ్మకాన్ని నేరుగా తీసుకున్నాను. దానికి కారణం ఉంది. ఈయన చదువుకున్నవాడు, లెక్కలు వచ్చినవాడు. ఆధారాలు చూపిస్తే కదులుతాడని నా అంచనా.

టిమ్ డానహీ కేసు ఇద్దరం కలిసి చదివాం. ఎన్‌బీఏలో 13 సీజన్లు రిఫరీగా చేసిన మనిషి. 2007 జులైలో రాజీనామా చేశాడు, ఆగస్టులో రెండు ఫెడరల్ నేరాలు ఒప్పుకున్నాడు, 2008లో 15 నెలల శిక్ష పడింది. తాను విజిల్ పట్టే మ్యాచ్‌ల్లో ఎటు కాయాలో హైస్కూల్ నాటి పరిచయస్తుల ద్వారా ఒక ప్రొఫెషనల్ జూదరికి చేరవేశాడు. మొదట్లో చెప్పింది నిజమైతే 2,000 డాలర్లు, తర్వాత 5,000. డబ్బు కోసం కావాలని ఫలానా విజిల్ ఊదాడనడానికి ఆధారం లేదని, కానీ ఫలితంలో సొంత డబ్బు ఇరుక్కున్నందువల్ల అతని నిష్పాక్షికత దెబ్బతిందని ప్రాసిక్యూటర్లు కోర్టుకి చెప్పారు. లీగ్ పెట్టిన విచారణ నివేదిక 2008 అక్టోబరులో వచ్చింది. మిగతా రిఫరీలెవరూ ఇలాంటి నేరంలో లేరని తేల్చింది. ఆ కుంభకోణం తర్వాతే రిఫరీల పేర్లు మ్యాచ్ రోజు పొద్దున్నే బయటపెట్టడం మొదలైంది, ముందే తెలిసిన రహస్యానికి విలువ లేకుండా చేయడానికి. 2015 నుంచి హోరాహోరీ మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాల్లో ఏ విజిల్ సరైనదో, ఏది తప్పో లీగ్ మర్నాడు ప్రకటిస్తోంది.

"చూడండి, వ్యవస్థ తనను తాను సరిచేసుకుంది" అన్నట్టుగా ఇవన్నీ ముందు పెట్టాను. వారం తిరిగేసరికి నాకంటే ఎక్కువ చదువుకుని వచ్చాడు. విచారణ జరిపిన లాయర్‌కి డబ్బిచ్చింది ఎవరు? లీగే కదా. డానహీని పట్టింది లీగా? కాదు, మాఫియా కేసులో ఫోన్లు వింటున్న ఎఫ్‌బీఐ. 2002 వెస్ట్రన్ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో లేకర్స్‌కి ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే 27 ఫ్రీ త్రోలు ఎలా వచ్చాయి? ఆఖరి రెండు నిమిషాల నివేదికలైతే ఆయన చేతిలో ఆయుధాలయ్యాయి. తప్పులు జరుగుతున్నాయని లీగే రాసిస్తోంది కదా అన్నాడు. ఇది చాలదన్నట్టు, ఆతిథ్య జట్టుకీ వెనకబడ్డ జట్టుకీ విజిళ్లలో కొంత మొగ్గు ఉంటుందని ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధన కూడా ప్రింట్ తీసి తెచ్చాడు. అది నిజంగానే ఉంది.

సెషన్లు టీవీ డిబేట్‌లా తయారయ్యాయి. నేను లీగ్ తరఫు వకీలుని, ఆయన ప్రతిపక్షం. వాదనలో ఆయనే గెలుస్తున్నాడు. గెలిచిన ఉత్సాహంతో ఇంటికెళ్లి పందెం కాస్తున్నాడు. "మనకి చిన్నప్పుడే తెలుసు కదా అక్కా, ఆటంటే ఇంతేనని" అన్నాడొకసారి. ఆయన హైస్కూల్ రోజుల్లో హైదరాబాద్ అజహరుద్దీన్ మీద మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో బీసీసీఐ జీవితకాల నిషేధం పెట్టింది. 2012లో ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. ఈ రెంటిలో రవికి మొదటిదే బాగా గుర్తు. దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోనే, అజహర్ పేర్లు పేపర్లో చదువుతూ పెరిగిన తరానికి అనుమానం బుర్రకెక్కాలంటే డానహీ దాకా వెళ్లక్కర్లేదు.

రెండో దారి

నమ్మకం జోలికి పోకుండా చేతికి డబ్బు అందకుండా చేయడం. ఇది ఎలాగూ చేయాల్సిందే, వాదన మీద ఆశతో నేను కొంత వెనక్కి నెట్టాను. తనని పందేలకి రానివ్వొద్దని ఎవరికివారే పేరు ఇచ్చుకునే, రాష్ట్రం నడిపే స్వీయ నిషేధ జాబితాలో పేరు నమోదు చేయించాం. ఫోన్‌లో బెట్టింగ్ సైట్లని ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టాం. జీతం పడే ఖాతా భార్య చేతిలోకి వెళ్లింది. రిఫరీల మాట ఎత్తితే "అది పక్కన పెడదాం" అనేదాన్ని.

కొన్ని వారాలు బాగానే సాగింది. పందేలు ఆగాయి, నిద్ర కుదుటపడింది. మ్యాచ్‌లు చూడటం మాత్రం ఆగలేదు, షీట్ నింపడమూ ఆగలేదు. 2024 మార్చిలో రూడీ గోబేర్ అనే ఎన్‌బీఏ ఆటగాడు ఫౌల్ అవుట్ అయ్యాక (ఫౌళ్లు ఎక్కువై ఆటలోంచి బయటికి వెళ్లాక) రిఫరీ వైపు వేళ్లు రుద్దుతూ డబ్బు సైగ చేశాడు. బెట్టింగ్ ఆటని చెడగొడుతోందని బాహాటంగానే అన్నాడు. లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది. ఆ వారంలోనే రవి ఒక స్నేహితుడి ఖాతా నుంచి పందెం కాశాడు. జాబితా అతని పేరుని ఆపగలదు, స్నేహితుడి ఫోన్‌ని ఆపలేదు. ఏప్రిల్‌లో టొరంటో రాప్టర్స్ ఆటగాడు జాంటే పోర్టర్‌ని లీగ్ జీవితాంతం నిషేధించింది. పందెగాళ్లకి సమాచారం ఇచ్చాడని, పందేలు గెలిపించడానికి ఒంట్లో బాగోలేదంటూ ఆట మధ్యలో తప్పుకున్నాడని తేలింది. రవి మళ్లీ కాశాడు, ఈసారి ఇంకా పెద్ద మొత్తం.

నన్ను ఆపింది ఇదే. ఆట అమ్ముడుపోయిందని నమ్మేవాడు ఆ వార్త చదివితే ఏం చేయాలి? ఛీ అని యాప్ తీసేయాలి. పేకముక్కలకి గుర్తులు పెట్టారని తెలిశాక అదే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు? ఈయన కూర్చుంటున్నాడు, ఉత్సాహంగా.

నోట్స్ మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ నమ్మకం రెండు పనులు చేస్తోంది. పందెం పోయినప్పుడు "నేను ఓడలేదు, నన్ను మోసం చేశారు" అని చెప్పి ఓటమిని చెరిపేస్తోంది. మర్నాడు "ఎలా మోసం చేస్తారో ఇప్పుడు నాకు తెలిసింది" అని చెప్పి కొత్త పందేనికి కారణం ఇస్తోంది. అది ఆయన్ని పందేనికి దూరం చేసే నమ్మకం కాదు, పందెంలో నిలబెట్టే నమ్మకం. రిఫరీలు నిజాయతీపరులా కాదా అని నేను ఎంత వాదించినా ఈ రెండు పనుల మీదా దెబ్బ పడదు.

పని చేసింది

తర్వాతి సెషన్‌లో నేనే అన్నాను: "సరే, అమ్ముడుపోయారనే అనుకుందాం." ఆయన అనుమానంగా చూశాడు. బోర్డు మీద డానహీ కేసుని మళ్లీ గీశాం, ఈసారి డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందన్న లెక్కలో. రిఫరీకి తెలుసు. ఆయన చెప్పిన మనిషికి తెలుసు. ఆ మనిషితో కలిసి కాసినవాళ్లకి తెలుసు. వాళ్లు గెలిచిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? బుకీల నుంచి. బుకీలకి? అవతలి వైపు కాసినవాళ్ల నుంచి. "2007లో మీరు ఇక్కడ ఉండి ఉంటే, రవీ, ఈ బొమ్మలో మీరెక్కడ?"

చాలాసేపు బోర్డు వైపే చూశాడు. "తెలిసినవాళ్లలో లేను" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అయిపోలేదు. "నాకు చెప్పకపోయినా నేను కనిపెట్టగలను కదా" అని వారంలోపే వచ్చాడు. దానికి ఒక పరీక్ష పెట్టాం. ఇది అందరూ ఒప్పుకునే పద్ధతి కాదు, నా సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు కూడా. వ్యసనపరుడిని మ్యాచ్ ముందు కూర్చోబెట్టి జోస్యం చెప్పించడమంటే నిప్పుతో చెలగాటమేనని ఆవిడ వాదన. నా వాదన ఏమిటంటే, ఆయన ఎలాగూ చూస్తున్నాడు, ఎలాగూ షీట్ నింపుతున్నాడు. దాన్ని చీకట్లో చేయనివ్వడం కంటే నా ముందు, నియమాలతో చేయించడం మేలు. చివరికి షరతుల మీద ఒప్పుకుంది: డబ్బు దారులన్నీ మూసి ఉండాలి, భార్యకి తెలిసి ఉండాలి, ఒక్క పందెం కాసినా పరీక్ష ఆగిపోవాలి. స్నేహితుడి ఖాతా సంగతి కూడా ముందు తేల్చాం. రవి ఆ స్నేహితుడికి నా ఎదురుగానే ఫోన్ చేసి నిజం చెప్పాడు.

పరీక్ష ఇదీ. పొద్దున రిఫరీల పేర్లు వస్తాయి. ఆ ముగ్గురూ ఏ జట్టు వైపు మొగ్గుతారో, ఫలితం స్ప్రెడ్‌కి ఏ వైపు తేలుతుందో ఆట మొదలవకముందే నాకు మెయిల్ చేయాలి. మెయిల్ వెళ్లాక మార్చడం కుదరదు. ఆట చూస్తూ అనుమానం వచ్చిన ప్రతి విజిల్ రాయాలి, కానీ రెండు వైపులా. తాను చెప్పిన జట్టుకి కలిసొచ్చిన దొంగ విజిల్ కూడా అదే కాలమ్‌లో పడాలి.

ఫలితం నేను చెప్పనక్కర్లేకపోయింది. జోస్యాలు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. దానికంటే ఆయన్ని కుదిపింది రెండు వైపులా నింపిన దొంగ విజిల్ కాలమ్. "ఈ రెండేళ్లూ ఇవి నా కళ్లకి కనపడలేదు" అన్నాడు, తన జట్టుకి అనుకూలంగా వచ్చిన విజిళ్లని చూపిస్తూ. అప్పుడు పాత షీట్ తీసి, గెలిచిన పందేల ఎదురుగా ఉన్న ఖాళీ గళ్లు చూపించాను. మొదటి రోజు చూపించి ఉంటే వాదించేవాడు. ఆ రోజు తలూపాడు.

కమీషన్ లెక్క కూడా అప్పుడే చేశాం. మామూలుగా స్ప్రెడ్ పందెంలో 110 డాలర్లు పెడితే గెలిచినప్పుడు వచ్చే లాభం 100. అంటే నష్టం లేకుండా బయటపడాలన్నా నూటికి 52.4 పందేలు గెలవాలి. సగం గెలిచేవాడు మెల్లగా, ఖాయంగా మునుగుతాడు. రిఫరీ నిజాయతీపరుడైనా కాకపోయినా ఈ లెక్క మారదు. ఆతిథ్య జట్టుకి విజిళ్లలో మొగ్గు ఉందన్న పరిశోధన సంగతీ అంతే. సొంత కోర్టులో ఆడే జట్టుకి ఎంత కలిసొస్తుందో స్ప్రెడ్ ఎంతో నిర్ణయించేవాళ్లకీ తెలుసు, కాబట్టి అది స్ప్రెడ్‌లోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, ఈ లెక్క ఆయనకి ఎప్పుడో తెలిసి ఉండాలి అనుకుంటాం. తెలుసు. "దొంగ విజిళ్లు తీసేస్తే నేను గెలిచే శాతం వేరు" అని లెక్కలోంచి తనని తప్పించుకున్నాడు, అంతే.

షీట్ చేతిలోంచి జారాక అసలు పని మొదలైంది. అది రిఫరీల గురించి కాదు. డౌన్ పేమెంట్ డబ్బు తన చేతులతో పోగొట్టాడన్నది ఏడాదికి పైగా ఆయన మనసులోకి రానివ్వలేదు. మోసపోయినవాడికి సానుభూతి దొరుకుతుంది, ఓడిపోయినవాడికి అప్పు మిగులుతుంది. పోయిన మొత్తం ఒక కాగితం మీద, రిఫరీ పేరు లేకుండా, తన చేత్తో రాయమన్నాను. ఆ సెషన్‌లో ఎక్కువ మాట్లాడుకోలేదు. నాన్న ఆపరేషన్ అబద్ధాన్ని స్నేహితులకి చెప్పడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒకరు క్షమించారు, ఒకరు మాట్లాడటం మానేశారు.

పాఠాలు

ఇది చదివి రిఫరీలని అనుమానించడమే జబ్బని ఎవరైనా అనుకుంటే నేను రాసింది తప్పుదారి పట్టినట్టే. లీగులు బెట్టింగ్ కంపెనీల నుంచే డబ్బు తీసుకుంటున్నాయి, ఆటల మధ్య ప్రకటనల్లో చాలా వాళ్లవే. బెంచి మీద ఆటగాడు ఎన్ని పాయింట్లు కొడతాడన్నదాని మీద కూడా పందేలు నడుస్తున్నాయి. పోర్టర్ కేసు తర్వాత టూ-వే (కింది లీగ్‌లోనూ ఆడే), పది రోజుల కాంట్రాక్టుల ఆటగాళ్లు తక్కువ స్కోరు చేస్తారన్న పందేలు తీసేయాల్సి వచ్చిందంటే ప్రమాదం ఊహ కాదు. అభిమానిగా అడగాల్సిన ప్రశ్నలే ఇవి. కౌన్సెలర్‌గా నేను చూసేది అనుమానం సరైనదా కాదా అని కాదు, అనుమానం వచ్చిన మరుక్షణం చెయ్యి ఎటు పోతోందని. అభిమాని చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. రవి చెయ్యి యాప్ మీదికి పోయేది.

క్రికెట్ బెట్టింగ్‌తో వచ్చేవాళ్లని కూడా ఇప్పుడు మొదట్లోనే అడుగుతున్నాను: "మ్యాచ్ ఫిక్స్ అయిందని మీకు ఖాయంగా తెలిసిన రోజున కాశారా, మానేశారా?" కాశామంటే నమ్మకంతో వాదనకి దిగను. ముందు డబ్బు దారులు మూయిస్తాను. తర్వాత నమ్మకం నిజమే అనుకుని దాని వెంట చివరిదాకా వెళ్తాం. పరీక్ష పద్ధతి మాత్రం అందరికీ పెట్టను. డబ్బు దారి ఒక్కటి తెరిచి ఉన్నా అది ప్రమాదమే. ఈ విషయంలో సూపర్‌వైజర్ ఇప్పటికీ నాతో ఏకీభవించదు.

2025 అక్టోబరులో మయామి హీట్ ఆటగాడు టెర్రీ రోజియర్‌ని, పోర్ట్‌లాండ్ జట్టు కోచ్ చాన్సీ బిలప్స్‌ని ఫెడరల్ అధికారులు అరెస్టు చేశారు. రోజియర్‌ మీద బెట్టింగ్ కేసు, బిలప్స్ మీద పేకాట మోసం కేసు. ఇద్దరూ ఆరోపణలు కాదన్నారు. ఆ సాయంత్రం రవి మెసేజ్ పెట్టాడు: "చూశారా అక్కా, చెప్పానా లేదా?" ఆ రాత్రి ఏం చేశారని మర్నాడు అడిగాను. వార్తలు అర్ధరాత్రి దాకా చదివాడు, భార్యతో గంటసేపు వాదించాడు, పందెం కాయలేదు. స్వీయ నిషేధం గడువు దగ్గరపడుతోంది. ఇక అవసరం లేదని ఆయన అంటున్నారు, ఇంకో విడత పెట్టించాల్సిందేనని భార్య అంటోంది. నేను భార్య వైపే ఉన్నాను. వచ్చే సెషన్‌కి ఇద్దరినీ రమ్మన్నాను.